గ్రామసభ పిలుపు: అచ్చుకార్డు, కరపత్రము

గ్రామసభ కూడునని దండోరా వేయించినంత మాత్రమున పంచాయతీ బాధ్యత తీరదు. బ్రతుకుతెరువుకై పట్టణము చేరినవారికి ఆ డప్పు వినబడదు. వారి ఇల్లు, భూమి గ్రామముననే యున్నవి. వానిని గూర్చిన చర్చ వారికి తెలియకుండ జరుగరాదు. ఊరివారికి కరపత్రము, పొరుగూరనున్నవారికి అచ్చుకార్డు పంపుట మేలు. ఇవి చట్టప్రకారపు ప్రకటనకు తోడేగాని బదులు కావు.

మన దేశమున పోస్టుకార్డు 1879 జూలై 1న కాలణా వెలతో వెలువడెను. నేటి కార్డు పొడవు 14, వెడల్పు 9 సెంటీమీటర్లు. ఆ కొద్దిచోట నాలుగు సంగతులే యుండవలెను: తేదీ, వేళ, స్థలము, చర్చాంశము. "అభివృద్ధి పనులు" అనక "చెరువు తూము మరమ్మతు" అని స్పష్టపరుపవలెను. అచ్చునకు ముందు ప్రూఫును ఇరువురు చదివి, తేదీకి వారము సరిపోయినదో లేదో చూడవలెను.

చిరునామా మరింత ముఖ్యము. హైదరాబాదులోని కార్వాన్ ఒకప్పుడు గోల్కొండకు పోవు వర్తక బిడారుల మజిలీ; నేడు ఇరుకు సందుల పేట. "కార్వాన్, హైదరాబాదు" అన్న చాలదు. ఇంటి నంబరు, దగ్గరి గుర్తు, పిన్‌కోడు వ్రాయవలెను. 1972లో ఏర్పడిన ఈ ఆరంకెల పద్ధతిలో కార్వాన్ సాహు సంఖ్య 500006.

అచ్చుకార్డునకు సాధారణ కార్డుకంటె తపాలా రుసుము అధికము. బిళ్ళ తక్కువైన భారము గ్రహీతపై బడును. కనుక రుసుమును ముందే విచారించి, సభకు పదిదినముల ముందు కార్డులు పంపవలెను. తిరిగివచ్చిన కార్డులనుబట్టి చిరునామాల పట్టికను సవరించుకొన్నచో, మరుసటి పిలుపు తప్పక చేరును.