విదేశంలో మనవారు పడిపోతే



ఈ రోజుల్లో మన సంఘ కుటుంబాలలో పిల్లలు విదేశంలో లేని ఇల్లు తక్కువ. కూతురి కాన్పుకో, మనవలను చూసుకోవడానికో తల్లిదండ్రులు కొన్ని నెలలు అమెరికా వెళ్ళి రావడం మామూలైపోయింది. పెట్టెలో ఆవకాయ, కందిపొడి, కారప్పూస సర్దుకుంటారు. బీపీ, షుగరు మాత్రలు కూడా లెక్క చూసుకుని కొనుక్కుంటారు. కాని అక్కడ కాలు జారి పడితే ఏమి చేయాలో ముందుగా ఎవరూ మాట్లాడుకోరు. ఈ నెల పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాము.

కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి మా వార్డుకు ఫోను వచ్చింది. మా దగ్గర చాలా కాలంగా బీపీ చూపించుకునే ఒక అమ్మగారు కూతురి కాన్పుకు అమెరికా వెళ్ళారు. వెళ్ళిన రెండవ వారంలో స్నానాల తొట్టిలో నుండి బయటికి కాలు పెడుతూ జారి పడ్డారు. "ఏమీ లేదు, కాలు మడతపడింది" అని చెప్పి పడుకున్నారు. నొప్పికి ఆయింట్‌మెంటు రాసుకున్నారు, వేడి కాపడం పెట్టించుకున్నారు. అలా రెండు రోజులు గడిచాయి. మూడవ రోజు మంచం దిగలేకపోతే కూతురు భయపడి ఇక్కడున్న అన్నయ్యకు చెప్పింది. ఆయన మాకు ఫోను చేశారు.

మేము ఆ అమ్మాయితో మాట్లాడి నాలుగు ప్రశ్నలు అడిగాము. అమ్మ కాలు చాచి మడమను పరుపు మీద నుండి ఎత్తగలుగుతున్నారా? ఆ కాలు రెండవదాని కన్నా పొట్టిగా కనిపిస్తున్నదా? పాదం బయటి వైపుకు తిరిగి ఉన్నదా? గజ్జలో నొప్పి ఉన్నదా? కాలు ఎత్తలేకపోతున్నారు, పొట్టిగానే ఉంది, పాదం తిరిగే ఉంది, నొప్పి గజ్జలోనే అని చెప్పింది. "ఇది బెణుకు కాదమ్మా. తుంటి ఎముక విరిగినట్లుంది. ఇంకెవరినీ అడగకుండా వెంటనే 911కు ఫోను చెయ్యి" అన్నాము. మేము అనుకున్నదే నిజమైంది. ఆపరేషను బాగానే జరిగింది గాని, రెండు రోజులు కదలకుండా పడి ఉండడం వల్ల నిమోనియా కూడా వచ్చింది. ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు పెరిగాయి.

తిరిగి వచ్చిన తరువాత ఆమె మా ఓ.పి.లో కూర్చుని చెప్పిన మాట మేము మరచిపోలేదు. "పిల్ల పచ్చి బాలింత. అల్లుడికి సెలవు అయిపోయింది. నా కోసం లక్షలు ఖర్చు పెట్టించడం ఇష్టం లేక ఊరుకున్నానమ్మా."

మన పెద్దవారిలో చాలామంది ఇలాగే ఆలోచిస్తారు. పిల్లలకు భారం కాకూడదని నొప్పి దాచుకుంటారు. అయితే దాచిన దెబ్బ ఖర్చును తగ్గించదు, పెంచుతుంది. ఈ పాఠంలో మీరు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఇదే.

మొదటి గంటలో చేయవలసినవి

పడినవారిని చంకల కింద చేతులు వేసి గబుక్కున లేపకండి. పడినచోటనే ఉంచి, ఎక్కడ నొప్పిగా ఉందో అడగండి. మెడ, వెన్ను నొప్పిగా ఉన్నా, కాలు కదపలేకపోయినా అక్కడే ఉంచి దుప్పటి కప్పండి. కాలు లాగడం, నూనె రాసి మర్దన చేయడం, వేడి కాపడం పెట్టడం వద్దు. ఆపరేషను అవసరం కావచ్చు గనుక కాఫీ, టిఫిను ఇవ్వకండి. షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా పడిపోతే ఆ సంగతి అంబులెన్సుకు ఫోను చేసినప్పుడే చెప్పి, వారు చెప్పినట్లు చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి.

మన దగ్గర 108 ఉన్నట్లే ప్రతి దేశంలోనూ ఒక నంబరు ఉంటుంది. అమెరికా, కెనడాలలో 911. ఇంగ్లండులో 999. ఐరోపా దేశాలలో 112. ఆస్ట్రేలియాలో 000. సింగపూరులో అంబులెన్సుకు 995. దుబాయి, అబుదాబిలలో అంబులెన్సుకు 998. సౌదీలో 997. కువైటులో 112. కతారు, బహ్రెయిన్‌లలో 999. ఒమానులో 9999. మీవారు ఉన్న దేశపు నంబరును, వారు ఉంటున్న ఇంటి చిరునామాను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. పిల్లలు ఆఫీసులో ఉన్నప్పుడు పెద్దవారే ఫోను చేయవలసి రావచ్చు.

తలకు దెబ్బ తగిలితే

దెబ్బ తగిలినప్పుడు బాగానే ఉండి, కొన్ని గంటల తరువాత పరిస్థితి మారవచ్చు. మళ్ళీ మళ్ళీ వాంతులు, విడవని తలనొప్పి, మత్తుగా పడుకుని పిలిస్తే పలకకపోవడం, మాట తడబడడం, చెయ్యి గాని కాలు గాని బలం తగ్గడం, ఫిట్సు రావడం, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించడం ప్రమాద సూచనలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకూడదు. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి, రక్తం గడ్డ కట్టకుండా ఉంచే మందులు వాడేవారైతే, పైకి ఏమీ కనిపించకపోయినా తలకు దెబ్బ తగిలిన రోజే ఆసుపత్రిలో చూపించాలి. అటువంటివారికి తల లోపల రక్తస్రావం అయ్యే అవకాశం ఎక్కువ.

ఆసుపత్రిలో

మొదట చెప్పవలసినవి మూడు: ఎప్పుడు ఎలా పడ్డారు, ఏ జబ్బులు ఉన్నాయి, ఏ మందులు వాడుతున్నారు. మన మందుల కంపెనీ పేర్లు అక్కడి డాక్టర్లకు తెలియవు. ఎకోస్ప్రిన్ అంటే తెలియదు, యాస్పిరిన్ అంటే తెలుస్తుంది. మనం డోలో అని వేసుకునే పారాసెటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. టైలెనాల్ అనే పేరుతో అమ్మేది కూడా అదే. ఈ సంగతి తెలియక పెట్టెలోని డోలో, షాపులో కొన్న టైలెనాల్ రెండూ కలిపి వేసుకునేవారు ఉన్నారు. మోతాదు మించితే లివరు దెబ్బతింటుంది.

అమెరికాలో ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు భాష రానివారికి దుభాషిని ఉచితంగా ఏర్పాటు చేయాలి. తెలుగు కావాలని అడగండి. చాలాసార్లు ఫోనులోనో, వీడియోలోనో మాట్లాడిస్తారు. మూత్రం, విరేచనం, ఆడవారి ఇబ్బందులు కొడుకు ముందు, అల్లుడి ముందు చెప్పడానికి అమ్మలు సిగ్గుపడతారు. దుభాషి ఉంటే ఆ మాటలు డాక్టరుకు చేరతాయి.

తుంటి ఎముక విరిగితే సాధారణంగా 24 నుండి 48 గంటలలోపు ఆపరేషను చేయడం మంచిదని వైద్యుల అభిప్రాయం. ఆలస్యమయ్యే కొద్దీ నిమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షను, పడక పుండ్లు, కాలిలో రక్తం గడ్డ కట్టడం వంటివి వచ్చే అవకాశం పెరుగుతుంది. "ఇండియాకు తీసుకువచ్చి చేయిద్దాము" అని చాలామంది మమ్మల్ని అడుగుతారు. విరిగిన తుంటితో అంత దూరం విమానంలో తీసుకురావడం సరికాదు. చెయ్యి విరిగినప్పుడు డాక్టరు అనుమతిస్తే కట్టు కట్టించుకుని రావచ్చునేమో గాని, తుంటికి అలా ఆగకూడదు.

ఆపరేషను అయిన మరునాడే నర్సులు నిలబెట్టి వాకరుతో నాలుగు అడుగులు వేయిస్తారు. "పచ్చి గాయం మీద నడిపిస్తున్నారు" అని ఇక్కడ బంధువులు కంగారు పడతారు. అది సరైన పద్ధతే. మేము కూడా అలాగే చేస్తాము. త్వరగా లేచినవారే త్వరగా కోలుకుంటారు.

ఖర్చు సంగతి

అమెరికాలో 1986లో వచ్చిన చట్టం ప్రకారం, ఎమర్జెన్సీ విభాగానికి వచ్చిన మనిషిని డబ్బు కట్టగలరా లేదా అని చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం లేని స్థితికి తేవాలి. బిల్లు తరువాత తప్పకుండా వస్తుంది గాని, ముందుగా డబ్బు లేదని ఇంట్లోనే ఉండిపోనవసరం లేదు. బిల్లు వచ్చాక ప్రతి పద్దు విడివిడిగా రాసి ఇమ్మని అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులకు ఆర్థిక సహాయ నియమాలు రాతపూర్వకంగా ఉండాలని 2010 నాటి చట్టం చెబుతోంది. మీకు అవి వర్తిస్తాయేమో అక్కడి సోషల్ వర్కరును అడగండి. వాయిదాల మీద కట్టే ఏర్పాటు కూడా అడగవచ్చు.

వెళ్ళే ముందే ఆరోగ్య బీమా తీసుకోండి. ప్రీమియం ఒక్కటే చూసి కొనకండి. కొన్ని పాలసీలు ఒక్కొక్క చికిత్సకు ఇంత అని కొద్ది మొత్తమే ఇస్తాయి. మిగిలినది మీరే కట్టాలి. కొన్ని పాలసీలు మొత్తం బిల్లులో ఎక్కువ భాగం భరిస్తాయి. పాత జబ్బులకు వర్తిస్తుందా, 70 ఏళ్ళు దాటినవారికి పరిమితి తగ్గుతుందా అని అడిగి రాయించుకోండి. ఆసుపత్రిలో చేరిన వెంటనే బీమా కంపెనీకి తెలియజేయాలి.

ఇక్కడున్నవారు చేయవలసినది

దూరాన ఉన్నవారు ఏమీ చేయలేరని అనుకోవద్దు. ఇంట్లో ఉన్న పాత మందుల చీటీలు, ఈ.సి.జి., రక్త పరీక్షల రిపోర్టులు ఫొటోలు తీసి పంపండి. ఇక్కడి డాక్టరుతో జబ్బుల వివరం ఇంగ్లీషులో రాయించి పంపండి. పదిమంది పది సలహాలు ఇవ్వకుండా కుటుంబం తరపున ఒక్కరే మాట్లాడండి. "అమ్మను సరిగ్గా చూసుకోలేదా?" అని అక్కడున్న పిల్లలను నిందించకండి. వారు అప్పటికే లోలోపల కుమిలిపోతూ ఉంటారు.

గల్ఫులో పనికి వెళ్ళినవారి కుటుంబాలకు ఒక మాట. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి వెళ్ళినవారు పనిచోట పడి గాయపడితే, డాక్టరు రిపోర్టు, ప్రమాదం పనిలోనే జరిగినట్లు తెలిపే కాగితం జాగ్రత్త చేయమని చెప్పండి. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం చేయవద్దని చెప్పండి. ఈ.సి.ఆర్. పాస్‌పోర్టుతో ఉద్యోగానికి వెళ్ళేవారు తప్పనిసరిగా తీసుకోవలసిన ప్రవాసీ భారతీయ బీమా యోజన 2003లో మొదలైంది. ప్రమాదంలో మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. ఆ పాలసీ నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఆపదలో ఉన్న నిరుపేద భారతీయుల అత్యవసర వైద్యానికి సహాయపడే సంక్షేమ నిధి 2009 నుండి మన రాయబార కార్యాలయాలలో ఉంది. 2015లో ప్రారంభమైన మదద్ పోర్టల్ ద్వారా ఇంటి నుండే ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

తిరుగు ప్రయాణం

డాక్టరు విమాన ప్రయాణానికి అనుమతి రాసి ఇచ్చిన తరువాతే టిక్కెట్టు మార్చుకోండి. విమాన కంపెనీ తన వైద్య ఫారం కూడా అడగవచ్చు. వీల్ చెయిరు ముందుగానే చెప్పి పెట్టుకోండి. విమానంలో మడమలు, వేళ్ళు తరచుగా కదిలించాలి, నీరు తాగుతూ ఉండాలి. రక్తం గడ్డ కట్టకుండా మందు అవసరమా అని డాక్టరును అడగండి. డిశ్చార్జి కాగితం, ఆపరేషను వివరం, లోపల వేసిన రాడ్డు లేక కృత్రిమ కీలు వివరాలు, ఎక్స్‌రేల సి.డి. తప్పక తెచ్చుకోండి. అవి లేకపోతే ఇక్కడ మళ్ళీ మొదటి నుండి మొదలు పెట్టవలసి వస్తుంది. అమెరికాలో ఉండే గడువు తీరిపోతుంటే, తీరకముందే ఐ-539 ఫారంతో పొడిగింపు కోరవచ్చు. డాక్టరు ఉత్తరం జతచేయండి.

వెళ్ళకముందే చేయవలసినవి

1. జబ్బులు, మందుల అసలు పేర్లు, మోతాదులు, పడని మందులు, బ్లడ్ గ్రూపు ఒకే కాగితం మీద రాయించుకోండి. ఒక ప్రతి మీ పర్సులో, ఒకటి పిల్లల దగ్గర, ఒకటి ఇక్కడి ఇంట్లో ఉంచండి.
2. కంటి పరీక్ష చేయించుకోండి. ఎముకల బలం, విటమిన్ డి గురించి డాక్టరును అడగండి.
3. పిల్లలతో చెప్పి స్నానాల తొట్టిలో రబ్బరు మ్యాటు, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, కూర్చుని స్నానం చేసే కుర్చీ పెట్టించుకోండి.
4. చెక్క నేల మీద, మెట్ల మీద ఉత్త సాక్సులతో నడవకండి. రాత్రి బాత్‌రూముకు వెళ్ళే దారిలో చిన్న లైటు ఉంచండి.
5. చలికాలంలో వాకిట్లో కంటికి కనబడని పలుచని మంచు పేరుకుని ఉంటుంది. చెప్పులతో బయటికి వెళ్ళకండి.

ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు మీ మందులన్నీ సంచిలో వేసుకుని మా ఓ.పి.కి రండి. ఆ కాగితం మా నర్సులు రాసి, డాక్టరుగారితో సంతకం చేయించి ఇస్తారు.

ఆ అమ్మగారు ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు. ఓ.పి.కి వచ్చినప్పుడు విదేశానికి వెళ్ళబోయే వారెవరైనా కనిపిస్తే పక్కన కూర్చోబెట్టుకుని ఆమే చెబుతారు: "పడితే దాచుకోవద్దమ్మా. పడిన రోజే చెప్పండి."