రాజధానులు, సరిహద్దులు, అమానతు

భద్రాచలం ఉన్నచోటే ఉంది. దాని రాజధానే పలుమార్లు మారింది.

గోల్కొండ పాలకుడు ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా 1591లో మూసీ ఒడ్డున హైదరాబాదుకు పునాది వేశాడు. ఆ వంశపు చివరి పాలకుడు అబుల్ హసన్ తానాషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న, ఖజానాకు చేరవలసిన శిస్తును భద్రాచలం ఆలయానికి ఖర్చుచేసి ఖైదయ్యాడని ప్రసిద్ధి. దీనిని మతద్వేషంగా చెప్పేవారున్నారు. కాని తానాషా ప్రధాని మాదన్న బ్రాహ్మణుడు. గోపన్నకు కొలువిచ్చిందీ ఆ ప్రభుత్వమే. పేచీ ఆలయం గురించి కాదు, ఖజానా గురించి. ఖజానా ప్రజల అమానతు. అమానతులను హక్కుదారులకు అప్పగించాలని, తీర్పులో న్యాయం పాటించాలని దివ్య ఖుర్ఆన్ (4:58) ఆదేశిస్తోంది. ఈ ఆదేశం తహసీల్దారుకెంతో తానాషాకూ అంతే. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక ఆయనా దౌలతాబాదు కోటలో ఖైదీగానే కన్నుమూశాడు.

1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు వదిలాడు. ఆ తర్వాత మద్రాసు, 1953లో కర్నూలు, 1956లో మళ్ళీ హైదరాబాదు రాజధానులయ్యాయి. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం ముంపు కారణంగా చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి, పట్టణం తెలంగాణలో మిగిలింది. ముంపు గ్రామాల కోయలకు, కొండరెడ్లకు రావలసిన పరిహారం కూడా పాలకుల మెడ మీది అమానతే. ఎటపాక నుంచి భద్రాచలం బజారుకు వచ్చేవారు ఇప్పుడు రాష్ట్రం దాటి వస్తారు.