పదమూడు గుణాల పక్కనున్న ప్రశ్న

అమలాపురం

చిరంజీవి మనవరాలికి,

తల్లీ, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథలోని మితాహారం, మౌనం, పొదుపు వగైరా పదమూడు గుణాల పట్టిక రాసుకుని, వారానికొకటి సాధన చేస్తున్నానన్నావు. మంచిదే. కానీ ఆయన జీవితానికి ఆ పట్టిక పునాది మాత్రమే. పదేళ్లకే బడి మానేసిన ఆ అచ్చు పనివాడు 1731లో స్నేహితులతో చందాలు వేయించి ఫిలడెల్ఫియాలో గ్రంథాలయం పెట్టాడు; 1736లో మంటలార్పే దళాన్ని కూడగట్టాడు. తక్కువ కట్టెలతో గది వెచ్చబరిచే పొయ్యి కనిపెట్టి, పేటెంటు ఇస్తామన్నా వద్దన్నాడు. ఇతరులు కనిపెట్టినవి మనం అనుభవిస్తున్నప్పుడు మనవి పంచడానికి వెనకాడకూడదని ఆయన వాదన. విద్య ఊరికి అక్కరకొచ్చినప్పుడే దానికి విలువ.

ఇది అమెరికావాళ్లకే చెల్లిందనుకోకు. మనకు ఎగువన, రాజమండ్రిలో 1848లో పుట్టిన కందుకూరి వీరేశలింగం గారికీ పత్రికే ఆయుధం. 1874లో వివేకవర్ధని మొదలుపెట్టారు. రాసి ఊరుకోలేదు, 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి, ఆస్తి దానికే ఇచ్చేశారు. ఆయనా ఆత్మకథ రాశారు.

డబ్బు సంపాదించాక చేయొచ్చులే అంటావేమో. గ్రంథాలయం పెట్టేనాటికి ఫ్రాంక్లిన్‌కు పాతికేళ్లే. వ్యాపారం నుంచి తప్పుకున్నది 1748లో. వీరేశలింగం గారు పంతులుద్యోగపు జీతంతో బతికినవారు. బానిసలను ఉంచుకున్న ఫ్రాంక్లిన్ ఆదర్శమా అని కూడా అడగొచ్చు. ఆ మచ్చను కప్పిపుచ్చకూడదు. బానిసల అమ్మకం ప్రకటనలు ఆయన నడిపిన పత్రికలోనే పడ్డాయి. తన తప్పులను ఆయన అచ్చుతప్పులన్నాడు. అయితే తప్పొప్పుల పట్టిక వేసినంత మాత్రాన అమ్ముడైపోయిన ప్రతులు తిరిగిరావు. అయినా 1787లో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790లో, చనిపోవడానికి రెండు నెలల ముందు, అదే కోరుతూ అమెరికా కాంగ్రెసుకు వినతిపత్రం పంపాడు. వృద్ధాప్యంలోనైనా దిద్దుకోవడం నేర్చుకోదగ్గదే, ఆలస్యం చేయడం మాత్రం కాదు.

మరి నీ విద్య మన ఊళ్లకు ఎలా అక్కరకొస్తుందంటావా? ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ అంకెకు తన లంకలో నీరు ఎంతవరకు వస్తుందో, పశువులను ఎప్పుడు గట్టెక్కించాలో రైతుకు తేలిగ్గా తెలిసేలా చెప్పగల కంప్యూటరు విద్య నీ చేతిలో ఉంది. ఫ్రాంక్లిన్ పొద్దున్నే ఇవాళ ఏ మేలు చేయాలని, రాత్రికి ఏం చేశానని తనను తాను ప్రశ్నించుకునేవాడు. పట్టిక ఎత్తి రాసుకున్నావు గానీ, దాని పక్కనే ఉన్న ఈ ప్రశ్న వదిలేశావు. దాన్నీ రాసుకో.

ఇట్లు,
తాతయ్య