జ్యోతి సైకిలు

మంగమ్మ కూతురు జ్యోతి. తొమ్మిదో తరగతి చదువుతోంది. హైస్కూలు ఆరు కిలోమీటర్ల దూరం. ఆ దారిన బస్సు సరిగా రాదు. అందుకని మేనమామ తన కొడుకు పాత సైకిలు ఇచ్చాడు.

ఆ సైకిలుకు ముందు చక్రం పక్కన రెండు లావు గొట్టాలున్నాయి. వాటిని ఫోర్కు కాళ్లు అంటారు. వాటిలోకి సన్నని మెరిసే గొట్టాలు దిగుతాయి. లోపల స్ప్రింగు ఉంటుంది. గుంతలో పడ్డా చేతులకు కుదుపు తక్కువ. దీన్ని స్ప్రింగు ఫోర్కు అంటారు. కొందరు షాకబ్జర్ అంటారు.

ఒకరోజు జ్యోతి మోచెయ్యి గీరుకుపోయి ఇంటికొచ్చింది.

"ఏమైందే?" అంది మంగమ్మ.

"కాలవ గట్టు దిగేటప్పుడు బ్రేకు పట్టానమ్మా. ముందు చక్రం టకటక కొట్టుకుంది. హ్యాండిలు అదిరి పడిపోయాను."

తండ్రి ఈరయ్యకు భయం వేసింది. భయంతో పాటు కోపం వచ్చింది.

"ఇక సైకిలొద్దు. బడీ వద్దు. పిల్ల చెయ్యి విరిగితే ఎవరు చూస్తారు?" అన్నాడు.

మంగమ్మకు రాత్రి నిద్ర పట్టలేదు. సైకిలు ఆగితే చదువూ ఆగుతుంది. చిన్నప్పుడు తన చదువూ దూరం వల్లే ఆగింది.

మర్నాడు చదువుల కేంద్రంలో ఈ మాట చెప్పింది. శారద టీచరు అందరికీ ఒక సంగతి చెప్పింది.

"తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1991, 92 సంవత్సరాల్లో అక్కడ అక్షర ఉద్యమం జరిగింది. ఆడవాళ్లు అక్షరాలతో పాటు సైకిలు తొక్కడం కూడా నేర్చుకున్నారు. కూలికి పోయేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, వేలమంది నేర్చుకున్నారు. కొందరు ఎగతాళి చేశారు. అయినా వాళ్లు మానలేదు. తొక్కడం వాళ్లకు వచ్చింది. బాగుచేయడం మనకు రాదా?"

పక్క వీధిలో సాయమ్మ పంక్చర్ల షాపు నడుపుతుంది. మంగమ్మ ఆమె దగ్గరికి సైకిలు తీసుకెళ్లింది.

"వదినా, నువ్వు చెప్పు. నా చేత్తో నేను చేస్తాను," అంది.

టక్కు ఎక్కడ?

"ముందు బ్రేకు గట్టిగా పట్టు. సైకిలును ముందుకూ వెనక్కూ ఊపు. రెండో చెయ్యి హ్యాండిలు కింద కప్పు మీద పెట్టు," అంది సాయమ్మ.

మంగమ్మ వేళ్లకు టక్‌మని తగిలింది.

"ఇక్కడ తగిలితే కప్పు వదులైంది. గొట్టాల దగ్గర తగిలితే లోపల బుష్షు అరిగింది. అరిగిన బుష్షు షాపులోనే మార్చాలి. నీది కప్పే."

మంగమ్మ వెడల్పు పానాతో పై నట్టు వదులు చేసింది. దాని కింది కప్పును చేత్తో తిప్పి బిగించింది. కదలిక పోయింది. హ్యాండిలు అటూ ఇటూ తేలిగ్గా తిరిగింది. అప్పుడు కప్పు కదలకుండా పట్టుకుని పై నట్టు బిగించింది. హ్యాండిలు బిర్రుగా తిరిగితే ఎక్కువ బిగించినట్టు.

గ్రీజు పెట్టడం

తర్వాత బ్రేకు తీగ విప్పారు. ముందు చక్రం తీశారు. ఫోర్కు రెండు కాళ్ల అడుగున ఒక్కో బోల్టు ఉంది. ఎలన్ కీతో వాటిని విప్పారు. కింది కాళ్లు జారి చేతికొచ్చాయి. లోపలి గ్రీజు నల్లగా, ఇసుకగా ఉంది.

పాత గ్రీజంతా గుడ్డతో తుడిచారు. మెరిసే గొట్టాలకు కొత్త గ్రీజు పలచగా రాశారు. కింది కాళ్ల లోపల బుష్షుకూ రాశారు. మళ్లీ ఎక్కించి బోల్టులు బిగించారు. చక్రం నట్లు బిగించారు. బ్రేకు తీగ తగిలించారు.

"స్ప్రింగు ఫోర్కులు అన్నీ ఇలా ఊడవు. బోల్టు రాకపోతే బలవంతం చెయ్యకు. కొన్ని ఫోర్కుల్లో స్ప్రింగు బదులు గాలి ఉంటుంది. వాటిని ఇంట్లో విప్పకూడదు. గాలి జోరుకు ముక్కలు ఎగిరి తగులుతాయి," అంది సాయమ్మ.

స్ప్రింగు ఎంత బిగించాలి?

ఈ ఫోర్కు మొత్తం 5 సెంటీమీటర్లు దిగుతుంది. మనిషి కూర్చుంటే అందులో నాలుగో వంతు దిగితే చాలు. అంటే 1 సెంటీమీటరు కన్నా కొంచెం ఎక్కువ.

మెరిసే గొట్టానికి దారం చుట్టి, రబ్బరు దాకా కిందికి జరిపారు. జ్యోతి పుస్తకాల సంచితో మెల్లగా ఎక్కింది. మెల్లగా దిగింది. దారం పైకి జరిగి అక్కడే ఆగింది. మంగమ్మ రబ్బరు నుంచి దారం దాకా స్కేలుతో కొలిచింది. 2 సెంటీమీటర్లు!

"ఎక్కువే దిగింది. పైన మరలు చూడు. ఏం రాసుంది?"

"ఒక వైపు +, ఒక వైపు –," అని చదివింది మంగమ్మ.

ఆమె రెండు మరలనూ + వైపు సమానంగా తిప్పింది. మళ్లీ కొలిచింది. ఈసారి సరిపోయింది.

ఆ రాత్రి మంగమ్మ ఒక కాగితం మీద ఇలా రాసి గోడకు అంటించింది.

1. బురదలో తొక్కిన రోజు మెరిసే గొట్టాలు పొడి గుడ్డతో తుడవాలి.
2. ఫోర్కు మీద పైపు నీళ్లు జోరుగా కొట్టకూడదు.
3. కిరసనాయిలు పోయకూడదు. గ్రీజు కరిగిపోతుంది.
4. వారానికోసారి బ్రేకు పట్టి ఊపి చూడాలి.
5. ఫోర్కు వంగినా, పగులు కనిపించినా తొక్కకూడదు. సుత్తితో కొట్టి సరిచేయకూడదు. కొత్తది వేయించాలి.

తెల్లారి ఈరయ్య సైకిలు దగ్గరికొచ్చాడు. బ్రేకు పట్టి ఊపాడు. మళ్లీ ఊపాడు.

"టక్కు లేదే! ఎవరు చేశారు?" అన్నాడు.

మంగమ్మ గోడ మీది కాగితం చూపింది. ఈరయ్య దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"అయ్యా, బడికి టైమైంది," అంది జ్యోతి.

ఈరయ్య సంచి తీసి కూతురి భుజానికి తగిలించాడు.

"గట్టు దిగేటప్పుడు మెల్లగా పో తల్లీ," అన్నాడు.

చెప్పండి, రాయండి

1. టక్కు ఎక్కడుందో మంగమ్మ ఎలా కనిపెట్టింది?
2. ఫోర్కు మొత్తం 8 సెంటీమీటర్లు దిగితే, మనిషి కూర్చున్నప్పుడు ఎంత దిగాలి?
3. మీ ఊరిలో దూరం వల్ల బడి మానేసిన ఆడపిల్లలున్నారా? ఏం చేయవచ్చో కేంద్రంలో మాట్లాడుకోండి.
4. మీ ఇంట్లో ఏ వస్తువును మీరే బాగుచేసుకోగలరు? అయిదు వాక్యాలు రాయండి.