తరంగం మారితే పేరు మారాలా?



రేడియో కేంద్రం ఒక తరంగం మీద నుంచి మరొక తరంగం మీదికి మారినప్పుడు నిర్వాహకులకు మొదట పట్టుకునే బెంగ పేరు గురించే. చాలా కేంద్రాలు తమ పేరులోనే అంకెను కలుపుకుంటాయి. ముల్లు ఎక్కడ నిలపాలో శ్రోతకు అది చెబుతుంది, మంచిదే. కాని అంకె మారిన రోజున ఆ పేరు అబద్ధమైపోతుంది. శ్రీసభకు చెందిన ఒక రేడియో ఈ చిక్కును రెండుసార్లు, రెండు విధాలుగా ఎదుర్కొంది.

ఫిలిప్పీన్స్‌లో 1969 ఏప్రిల్‌లో ప్రారంభమైన రేడియో వెరితాస్ మన పెద్దలకు తెలిసిందే. వెరితాస్ అంటే లతీను భాషలో సత్యం. యోహాను సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు తన్ను గూర్చి చెప్పుకున్న మాటలలో అదొకటి.

1986 ఫిబ్రవరి 22 రాత్రి, మార్కోస్ ప్రభుత్వంపై తిరగబడిన సైనికులకు అండగా వీధుల్లోకి రండని కార్డినల్ హైమే సిన్ గారు ఈ రేడియోలోనే ప్రజలను కోరారు. జనం జపమాలలు చేతబట్టుకొని యుద్ధ ట్యాంకుల ఎదుట నిలిచారు. మరునాడే ప్రభుత్వ సైనికులు మలోలోస్‌లోని ప్రసార యంత్రాలను ధ్వంసం చేశారు. అయితే జూన్ కీత్‌లీ అనే వ్యాఖ్యాత ఊరుకోలేదు. మరొక కేంద్రానికి చేరి, అర్ధరాత్రి దాటాక వేరొక తరంగం మీద మాట్లాడటం మొదలుపెట్టారు. ఇప్పుడు ఏ పేరు చెప్పాలి? వెరితాస్ అన్నా, ఆ కేంద్రం అసలు పేరు చెప్పినా సైనికులు వెతుక్కుంటూ వస్తారు. అందుకని "రేడియో బందిదో" అన్నారు. అంటే బందిపోటు రేడియో! అంకె కొత్తది, పేరు కొత్తది. అయినా ఆమె గొంతు శ్రోతలకు తెలుసు. ఫిబ్రవరి 25న మార్కోస్ దేశం విడిచి వెళ్లారు.

సత్యం అనే పేరుగల రేడియో తన పేరు దాచుకోవచ్చునా? సత్యోపదేశ తరగతిలో పిల్లలు తప్పక అడుగుతారు, అడగాలి కూడా. శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2489వ అంశం దీనికి దారి చూపుతుంది. తెలుసుకొనే హక్కు లేనివానికి సత్యాన్ని బయటపెట్టవలసిన బాధ్యత ఎవరికీ లేదని దాని భావం. ఆ రాత్రి దాచింది చిరునామాను, వార్తను కాదు. నా మట్టుకు ఆ పేరు తగినదే.

రెండవ మార్పు ఇంత ఉద్రిక్తమైనది కాదు గాని, మన ఇళ్లను తాకింది. ఆసియా భాషలకై నడిచిన రేడియో వెరితాస్ ఆసియా 2018 జూన్ 30తో షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆపి ఇంటర్నెట్‌కు మారింది. తెలుగు ప్రసారాలదీ అదే దారి. షార్ట్‌వేవ్‌లో ఋతువును బట్టి అంకెలు మారుతూ ఉండేవి, కాబట్టి పేరులో అంకె పెట్టుకొని ఉంటే ఎన్నిసార్లు మార్చవలసి వచ్చేదో! ఈసారి ఎవరి నుంచీ దాక్కోవలసిన పని లేదు. పైగా పాత శ్రోతలు వెతుక్కుంటూ రావాలి. అందుకే పేరు ముట్టుకోలేదు.

మీ విచారణలో యువజనులు ప్రసంగాలకో, పాటలకో ఒక ఛానెల్ పెట్టాలనుకుంటే ఈ రెండు సంగతులూ వారి ముందు ఉంచండి. ఎంచుకున్న పేరును మొదట ఒక అవ్వకు ఫోనులో చెప్పి చూడమనండి, ఆమె తిరిగి తప్పులేకుండా పలకగలదేమో.

ఇంట్లో పాత రేడియో మూలపడి, తాతగారికి తెలుగు కార్యక్రమాలు వినాలని ఉంటే, మనవలు ఫోనులో "రేడియో వెరితాస్ ఆసియా తెలుగు" అని వెతికి పెట్టవచ్చు.