మౌనం ఎవరికి మేలు?

"ఇంటి గుట్టు లంకకు చేటు" అంటూ అనేక కుటుంబాలు దౌర్జన్యాన్ని దాచిపెడతాయి. దానివల్ల దక్కేది కుటుంబ గౌరవం కాదు, దౌర్జన్యపరునికి మరింత ధైర్యం. ప్రభుత్వం చేసిన రెండు చట్టాలు ఈ మౌనాన్ని అంగీకరించవు.

మొదటిది, 2005 నాటి గృహహింస చట్టం. ఇది 2006 అక్టోబరు 26 నుండి మతభేదం లేకుండా స్త్రీలందరికీ వర్తిస్తోంది. కొట్టడమే కాదు, దూషించడం, ఇంటి ఖర్చులకు ఇవ్వకుండా వేధించడం కూడా హింసే. ఇల్లు తన పేర లేకపోయినా భార్యను ఇష్టానుసారం గెంటివేయరాదు. జరుగుతున్న హింసను ఇరుగుపొరుగువారైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. సదుద్దేశంతో తెలిపినవారిపై కేసు ఉండదు.

రెండవది, 2012 నాటి పోక్సో చట్టం. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక అత్యాచారం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం నేరం. దానికి ఆరు నెలల వరకు జైలుశిక్ష లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బిడ్డ వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. బిడ్డ పేరు పత్రికల్లో రాకూడదు.

స్త్రీల సహాయానికి 181, పిల్లలకు 1098. ఈ నంబర్లను ఇంటిల్లిపాదికీ నేర్పండి. బాధితులకు "ఓర్చుకో" అని చెప్పేముందు, ఆ ఓర్పు ఎవరికి మేలు చేస్తుందో ఆలోచించండి.