మాట ఒకటి, ముఖం ఒకటి



మామిడి పూత నిలిచి పిందె కట్టే రోజుల్లో మన నూజివీడు తోటల్లో గుత్త బేరాలు సాగడం మీకు కొత్త కాదు. వ్యాపారి తోటంతా ఒకసారి తిరిగి వచ్చి, "ఈ ఏడు కాపు పల్చగా ఉందండీ" అంటాడు. నోటితో అనేది అది. ఆయన చూపు మాత్రం మాటిమాటికీ ఆ మూలనున్న చిన్నరసాల చెట్ల మీదికే పోతుంటుంది. అనుభవమున్న రైతు ఆ మాటను కాదు, ఆ చూపును నమ్ముతాడు. పశువుల సంతల్లో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని బేరమాడే పద్ధతి కూడా పెద్దలకు తెలుసు. పక్కవారికి ధర తెలియకూడదని చేతులు కప్పుకొంటారు. అయినా చుట్టూ నిలబడ్డవారు ఆ ఇద్దరి ముఖాలు చూసి, బేరం కుదిరేటట్టుందో లేదో ఊహిస్తూనే ఉంటారు. చేతులను తువ్వాలుతో కప్పవచ్చు గాని, ముఖాన్ని కప్పలేం.

బేరంలో ఎదుటివాని ముఖాన్ని ఇంత జాగ్రత్తగా చదివే మనం, ఇంట్లో మన ముఖం ఏమి పలుకుతున్నదో ఎందుకు గమనించం? ఈ వారం దీనిని గురించి కలిసి ఆలోచిద్దాం.

రెండు రకాల గుర్తులు

సుమారు 1600 ఏళ్ళ క్రితం పునీత అగుస్తీను గారు క్రైస్తవ బోధనను గురించి వ్రాసిన గ్రంథంలో గుర్తులను రెండు రకాలుగా విభజించారు. కొన్ని సహజమైనవి. పొగను చూచి నిప్పు ఉన్నదని, అడుగుజాడను చూచి జంతువు నడిచిపోయిందని తెలుసుకొంటాం. మరికొన్ని మనం కావాలని ఇచ్చేవి. వీటిలో ముఖ్యమైనవి మాటలు. మరి కోపంగా ఉన్నవాని ముఖం ఏ రకం? దానిని ఆయన మొదటి రకంలో చేర్చారు. ఎందుకంటే, తెలియజేయాలనే ఉద్దేశం లేకపోయినా అది లోపలి సంగతి తెలియజేస్తుంది. నిప్పు ఉన్నచోట పొగ రాక మానదు గదా!

ఈ విషయాన్ని మన కాలపు శాస్త్రజ్ఞులు కూడా పరీక్షించి చూశారు. అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో రెండు పరిశోధనలు ప్రచురించారు. ఒక్కొక్క పదాన్ని వేర్వేరు స్వరాలతో పలికించి, వేర్వేరు ముఖకవళికల ఫొటోలు చూపించి, పలికినవారి మనసులో ఇష్టముందో అయిష్టముందో చెప్పమని వినేవారిని అడిగారు. మాట ఒక రకంగా, స్వరమూ ముఖమూ మరో రకంగా ఉన్నప్పుడు జనం స్వరాన్నీ ముఖాన్నే నమ్మారు. దీన్ని పట్టుకొని కొందరు "సందేశంలో మాటల వంతు 7 శాతమే, తక్కిన 93 శాతం స్వరమూ ముఖమూ" అని శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. అది సరికాదు. అదే నిజమైతే తెలియని భాషలో ప్రసంగం విన్నా మనకు చాలావరకు అర్థం కావాలి! తన లెక్క ఇష్టాయిష్టాలను తెలిపే సందర్భాలకే వర్తిస్తుందని మెహ్రాబియన్ గారే స్పష్టం చేశారు.

కాబట్టి మాటకు విలువ లేదని కాదు. "నీ మీద నాకు ప్రేమ ఉంది, నీ బాధ నాకు పట్టింది" అని చెప్పవలసిన చోట మాత్రం, వినేవారు ముందుగా మన ముఖం వైపే చూస్తారు. మరి మన ఇళ్ళలో రోజూ చెప్పుకోవలసింది అదే కదా!

నేను చేసిన తప్పు

కొన్నేళ్ళ క్రితం కోతల కాలంలో ఒక ఆదివారం, దివ్యపూజ ముగిశాక ఒక తల్లి నా గది గుమ్మం దగ్గరకు వచ్చింది. "స్తోత్రం ఫాదర్" అన్నది. నేను పెండ్లి చాటింపుల రిజిస్టరు వ్రాస్తూ, "చెప్పమ్మా, వింటున్నాను" అన్నాను. తల ఎత్తలేదు, కలం ఆపలేదు. ఆమె కొంచెంసేపు నిలబడి, "ఏమీ లేదు ఫాదర్, దీవించండి చాలు" అని వెళ్ళిపోయింది. నేను నిజంగానే వింటున్నాను. కాని నా వంచిన తల "ఇప్పుడు కాదు" అని ఆమెకు చెప్పింది. రెండు వారాల తరువాత ఉపదేశిగారు చెబితే తెలిసింది. గాలివానకు కాయంతా రాలి, అప్పుల దిగులుతో ఆమె భర్త ప్రాణం తీసుకోబోతే ఇరుగుపొరుగు ఆపారట. నేను వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడిగాను. "మీరు పనిలో ఉన్నారనుకున్నానండి, అంతే" అన్నది ఆమె. ఆ "అంతే" అన్న మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు.

నా మాటలో అబద్ధం లేదు. అయినా నా మాట ఆమెకు చేరలేదు. తండ్రులారా, పరీక్ష తప్పిన కొడుకుతో "ఫర్వాలేదులేరా" అని, ముఖం మాత్రం అటు తిప్పుకొంటే ఆ పిల్లవాడు ఏది నమ్ముతాడు? 1978లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే పరిశోధకుడు కొద్ది నెలల పసిపిల్లలతో చేసిన ఒక పరీక్షను ప్రచురించారు. బిడ్డతో ఆడుకొనే తల్లిని కొద్ది నిమిషాలు ఏ భావమూ లేని ముఖంతో కూర్చోమన్నారు. బిడ్డ మొదట నవ్వి, చేతులాడించి తల్లిని తనవైపు తిప్పుకోవాలని చూసింది. ఫలితం లేకపోయేసరికి ముఖం తిప్పుకొని దిగాలుపడింది. మాటలు రాని బిడ్డకే ఇంత తెలిస్తే, సెల్‌ఫోనులో తల దూర్చి "ఊఁ, చెప్పు" అనే మన సంగతి ఎదిగిన పిల్లలకు తెలియదా?

ప్రభువు చూపు, ప్రభువు స్పర్శ

సువిశేషాల్లో యేసు ప్రభువు చూపునూ చేతినీ గమనించండి. పేతురు మూడవసారి బొంకినప్పుడు ప్రభువు ఒక్క మాట అనలేదు. వెనుదిరిగి అతని వైపు చూశారు. ఆ చూపుకే పేతురు బయటికి వెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాడు (లూకా 22:61-62). కుష్ఠరోగిని దూరం నుండి మాటతోనే బాగుచేయగలిగినా, ముందు చేయి చాపి తాకి, ఆ తరువాతే మాట పలికారు (మార్కు 1:41). ఎవరూ ముట్టని ఆ మనిషికి ఆ స్పర్శే మొదటి సువార్త.

అయితే ముఖానికి నవ్వు పులుముకొంటే సరిపోతుందా? కార్బైడు పెట్టి మగ్గేసిన కాయను చూడండి. పైన పసుపు, లోపల పులుపు. అందులోని విషం ఆరోగ్యానికి హానికరమని ప్రభుత్వం ఆ పద్ధతిని నిషేధించింది కూడా. యూదా ముద్దు అటువంటిదే. పైకి ప్రేమ గుర్తు, లోపల ద్రోహం. గడ్డిలో పెట్టిన కాయ నిదానంగా లోపలినుండి మగ్గుతుంది, రంగూ వాసనా వాటంతట అవే వస్తాయి. మనం దిద్దుకోవలసింది ముఖాన్ని కాదు, మనసును.

ఇంకొక హెచ్చరిక. ఇతరుల ముఖం చదివి వెంటనే తీర్పు చెప్పకండి. హన్నా పెదవులు కదులుతున్నా స్వరం వినబడక, ఆమె తాగి ఉన్నదని యాజకుడైన ఏలీ పొరబడ్డాడు. నిజానికి ఆమె దుఃఖంతో ప్రార్థిస్తున్నది (1 సమూయేలు 1:12-17). అడిగి తెలుసుకొన్న తరువాతే ఏలీ ఆమెను దీవించగలిగాడు. పలకరించినా పలుకని మీ వదినగారికి పొగరు కాకపోవచ్చు, మనసులో ఏదో దిగులు ఉండవచ్చు.

చివరిగా మన పూజను గురించి ఒక మాట. మన దేశపు పూజావిధికి రోము నగరం 1969 ఏప్రిల్ 25న అనుమతించిన 12 అంశాలలో, సమాధాన సూచకంగా ఒకరికొకరు అంజలి ఘటించడం ఒకటి. చేతులు జోడించడం మనకు పుట్టుకతో వచ్చిన మర్యాద. కాని గట్టు తగాదాతో మాటలు మానేసిన అన్నదమ్ములు ఒకే వరుసలో నిలబడి, గోడవైపు చూస్తూ చేతులు జోడిస్తే అది ఎవరికి సమాధానం?

ఈ వారం ఆచరణకు

1. ఇంట్లో ఎవరైనా మాట్లాడటానికి వస్తే, చేతిలోని పని ఆపి, వారివైపు తిరిగి, అప్పుడు "చెప్పు" అనండి.

2. ఎవరి ముఖమైనా మిమ్మల్ని నొప్పిస్తే, ఊహించుకోకుండా "ఏమైంది?" అని అడగండి.

3. వచ్చే ఆదివారం సమాధానం చెప్పుకొనేటప్పుడు, మీరు తప్పించుకు తిరిగే ఆ ఒక్కరి కళ్ళలోకి చూసి చేతులు జోడించండి.

పేతురును చూచిన ఆ ప్రభువు చూపు మనందరిమీద నిలిచి, మన చూపును కూడా మార్చునుగాక!